ఆరు ఊళ్లు, ఆరు విచారణలు: కాన్సస్ మైదానపు గుళ్ల నమూనా ప్రాజెక్టు డైరీ

అక్టోబరు, మొదటి వారం

పని మొదలుపెట్టాను. గ్యారేజీలో ఉన్న పాత డైనింగ్ టేబుల్ మీద పెద్ద ప్లైవుడ్ పలక పరిచి, దాని అంచులకి సన్నటి చెక్క పట్టీలు బిగించాను. ఈ పలక మీద రాబోయేది పశ్చిమ కాన్సస్‌లోని ఎల్లిస్ కౌంటీ, దానికి దక్షిణాన ఉన్న రష్ కౌంటీ పైభాగం. అందులో ఆరు ఊళ్లు: లీబెన్‌తాల్, క్యాథరిన్, హెర్జోగ్, మంజర్, ఫైఫర్, షెన్‌చెన్. ఆరింటికీ ఆరు కాథలిక్ విచారణలు. విచారణ అంటే ఒక గురువు (ఫాదర్) బాధ్యతలో ఉండే గుడి, ఆ గుడిని నమ్ముకుని ఉన్న కుటుంబాలు. పలక పక్కనే విడిగా, హెర్జోగ్‌లో పుట్టి ఇప్పుడు విక్టోరియా పేరుతో పిలవబడుతున్న ఊళ్లోని పునీత ఫిదెలిస్ దేవాలయం నమూనా ఉంటుంది, అసలులో నూరో వంతు సైజులో.

ఇది ఎవరి కోసమో కూడా రాసిపెట్టుకోవాలి. వచ్చే వేసవిలో ఇక్కడి తెలుగు కాథలిక్ కుటుంబాలు ఒకచోట కలుస్తాయి. బలిపూజ, భోజనాలు, పిల్లల ఆటలు అన్నీ ఉంటాయి. కాన్సస్‌లోని మేత్రాసనాల్లో (మేత్రాణులు, అంటే బిషప్, కింద ఉండే ప్రాంతాల్లో) ఇప్పుడు భారతదేశం నుంచి వచ్చిన గురువులు పనిచేస్తున్నారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఏలూరులో 1984లో మొదలైన హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ సభ లాంటివి మన జిల్లాల్లో పెరిగిన కుర్రాళ్లని గురువుల్ని చేసి ప్రపంచమంతా పంపుతున్నాయి. అలా వచ్చిన ఒక ఫాదర్ గారు పోయిన క్రిస్మస్‌కి మా ఇంట్లో భోంచేస్తూ అన్నారు: "మనం ఈ గుళ్లల్లో పూజ చేస్తాం, మన పిల్లలు ఇక్కడే జ్ఞానస్నానం పొందుతున్నారు. ఈ గుళ్లు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో మాత్రం మనలో ఒక్కరికీ తెలీదు." ఆ మాట నన్ను వదల్లేదు. నేను ఫిరంగిపురం బాలయేసు గుడి నీడలో పెరిగినవాణ్ణి. ఆ గుడి కథ మా తాత చెప్తే విన్నాను. ఇక్కడి గుడి కథ నా పిల్లలకి చెప్పేవాళ్లు లేకపోతే అది నా లోటే అనిపించింది.

అక్టోబరు చివర

మ్యాపు కొలత కుదిరింది: మైలుకి ఒక అంగుళం. ఈ ప్రాంతానికి ఇంతకన్నా సులువైన కొలత ఉండదు. అమెరికా ప్రభుత్వం ఈ మైదానాన్ని మైలు పొడవు, మైలు వెడల్పు ఉన్న చదరాలుగా కోసింది. అలాంటి 36 చదరాలు కలిస్తే ఒక టౌన్‌షిప్, వాటికి 1 నుంచి 36 దాకా నంబర్లు. ఇప్పటికీ పల్లెదారులు చాలావరకు ఆ గీతల మీదే నడుస్తాయి. పెన్సిలుతో పలకంతా అంగుళం గళ్లు గీశాను. తర్వాత బేసి సంఖ్య గళ్లకి లేత ఆకుపచ్చ, సరి సంఖ్య గళ్లకి గోధుమ రంగు వేశాను. రైలు మార్గం వేసినందుకు ప్రతిఫలంగా కాన్సస్ పసిఫిక్ కంపెనీకి పట్టాలకి అటూ ఇటూ బేసి సంఖ్య చదరాలు ఇచ్చేశారు. మిగతావి ప్రభుత్వం సాగుదారులకి ఇచ్చేది, కుటుంబానికి 160 ఎకరాల దాకా. రంగు ఆరేసరికి పలకంతా గళ్ల దుప్పటిలా కనపడింది. వోల్గా నది ఒడ్డునుంచి వచ్చినవాళ్ల ముందు పరిచి ఉన్నది ఇదే.

వాళ్లెవరో కొంచెం వివరంగా రాయాలి, లేబుల్ కార్డుకి పనికొస్తుంది.

1763లో రష్యా మహారాణి రెండో క్యాథరిన్ ఒక ప్రకటన చేసింది. రష్యాకి వచ్చి బీడు భూములు సాగుచేసుకునే విదేశీయులకి భూమి ఇస్తాం, వాళ్ల మతం వాళ్లు పాటించుకోవచ్చు, సైన్యంలో పనిచెయ్యమని బలవంతం చెయ్యం అని. యుద్ధాలతో, ఆకలితో నలిగిపోయిన జర్మన్ రాజ్యాల నుంచి వేలమంది వెళ్లి వోల్గా నదికి అటూ ఇటూ ఊళ్లు కట్టుకున్నారు. కొన్ని ఊళ్లు ప్రొటెస్టెంట్లవి, కొన్ని కాథలిక్కులవి. రెండు మతాలవాళ్లూ ఒక ఊళ్లో కలవడం అరుదు. నూరేళ్లు దాటాక మాట మారింది. రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ కాలంలో 1871లో వాళ్ల ప్రత్యేక హక్కులు తీసేశారు, 1874లో సైనిక సేవ అందరికీ తప్పనిసరి చేశారు. అదే ఏడాది వోల్గా ఊళ్లవాళ్లు తమలో కొందరిని అమెరికా పంపి భూములు చూసి రమ్మన్నారు. 1875 చివర్లో మొదటి కుటుంబాలు ఓడెక్కాయి. ఆ చలికాలం కాన్సస్ రాజధాని టొపీకాలో కూలిపనులు చేసుకుంటూ గడిపి, భూమి ఎక్కడ బాగుందో వెతుక్కుంటూ పడమటికి జరిగాయి.

1876 ఫిబ్రవరిలో లీబెన్‌తాల్. ఏప్రిల్లో క్యాథరిన్, హెర్జోగ్. ఆగస్టులో మంజర్, ఫైఫర్. మరుసటి ఏడాది షెన్‌చెన్. ఆరు పేర్లూ వోల్గా ఊళ్లవే.

ఒక్క విషయం మ్యాపులో స్పష్టంగా కనపడేలా చెయ్యాలి. అప్పటి అమెరికా చట్టం ఎవరికిచ్చిన భూమిలో వాళ్లు ఇల్లు కట్టుకోమనేది. చుట్టుపక్కల మిగతా సాగుదారులు అలాగే మైలుకో ఇల్లుగా చెల్లాచెదురుగా బతికారు. వీళ్లు ముందు ఊరు కట్టారు. ఇళ్లన్నీ వీధి వెంట ఒకచోట, పొలాలు ఊరిచుట్టూ దూరంగా. పొలం దూరమైనా పర్వాలేదు, గుడి దగ్గర ఉండాలి. నా దృష్టిలో ఈ ఆరు విచారణలు నిలబడడానికి అసలు కారణం ఈ నిర్ణయమే. మైలుకో ఇల్లు ఉన్నచోట చావుకీ పెళ్లికీ మనుషులు అందరు. అందుకే ఊళ్ల దగ్గర చిన్న చెక్క ముక్కలతో ఇళ్లు గుంపుగా, చుట్టూ ఖాళీ గళ్లు వదిలి అంటించాను.

నవంబరు

శిలువలు చేశాను. అగ్గిపుల్లకన్నా కొంచెం మందంగా ఉండే బాల్సా చెక్క, పైన ముదురు రంగు వార్నిష్. ఆరు ఊళ్లల్లో ఇళ్లకన్నా ముందు వీటిని పాతాను. నిజంలో వరస కూడా దాదాపు అలాగే నడిచింది. గుడి లేదు, గురువు లేడు, ఇటుకా రాయీ లేవు. ఊరి మధ్యలో ఒక పెద్ద చెక్క శిలువ పాతి ఆదివారం దాని చుట్టూ చేరేవాళ్లు. బడిపంతులు ప్రార్థనలు చదివేవాడు, అందరూ పాటలు పాడేవాళ్లు. ఎవరైనా చనిపోతే సమాధి దగ్గర ప్రార్థన చెప్పించేదీ ఆయనే. రష్యాలో గురువుల కొరత వల్ల ఆ అలవాటు అక్కడే ఉంది, దాన్ని ఓడలో వెంట తెచ్చుకున్నారు. మన పల్లెల్లో ఉపదేశి చేసే పని అది. మా ఊరి ఉపదేశి తాత జపమాల చెప్పించిన తీరు తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

గురువు ఎప్పుడో ఒకసారి రైలెక్కి వచ్చేవాడు. హెర్జోగ్‌లో తొలి బలిపూజలు అలోయిస్ డ్రైలింగ్ అనే ఆయన ఇంట్లో జరిగాయి. జనం పట్టక ఆ ఇంటికే ఒక పంచ దించి కట్టారు. హెర్జోగ్ పక్కనే విక్టోరియా. అది 1873లో జార్జ్ గ్రాంట్ అనే స్కాట్లండ్ వ్యాపారి ఇంగ్లీషు దొరబిడ్డల కోసం పెట్టిన కాలనీ. గుర్రాలు, వేట, పచ్చిక బయళ్లు. అమెరికాకి మొదటి అబర్డీన్ ఆంగస్ ఆబోతుల్ని తెచ్చింది ఆయనే. గ్రాంట్ 1878లో పోయాడు, ఆ దొరలూ కొన్నేళ్లకి వెళ్లిపోయారు. పక్కనున్న రైతులు మిగిలారు. 1913లో రెండు ఊళ్లూ ఒకటై విక్టోరియా పేరు నిలిచింది.

1878లో కపూచిన్ అనే సన్యాసుల సభ గురువులు వచ్చారు. జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం కాథలిక్ సభల్ని తరుముతున్న రోజులవి. అక్కడినుంచి పిట్స్‌బర్గ్ చేరుకున్న కపూచిన్లకి జర్మన్ మాట్లాడే జనం, గురువు లేని ఊళ్లు ఇక్కడ దొరికాయి. మరుసటి ఏడాది విస్కాన్సిన్ నుంచి పునీత ఆగ్నెస్ సభ మఠకన్యలు వచ్చి బడి పట్టుకున్నారు. శిలువ దగ్గర మొదలైన విచారణకి గురువు, బడి వచ్చిన క్రమం ఇది. జనం ముందు, గురువు తర్వాత, గుడి ఇంకా తర్వాత. లేబుల్ కార్డులో ఈ వరస తప్పకూడదని ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

డిసెంబరు

చలి విపరీతంగా ఉంది. గ్యారేజీలో జిగురు ఆరడం లేదు, ఇంట్లోకి మార్చాను. చిన్న పనులే చేశాను: స్మోకీ హిల్ నది, బిగ్ క్రీక్ వాగు నీలం రంగు గీతలు, రైలు పట్టాలు.

ఈ చలి చూస్తే వాళ్ల మొదటి చలికాలాలు ఎలా గడిచాయా అనిపిస్తుంది. చెట్లు లేని నేల ఇది. కలప కొనాలంటే రైల్లో రావాలి. మొదట్లో నేలలో గొయ్యి తవ్వి పైన కప్పు వేసుకున్నారు, గడ్డివేళ్లతో ఉన్న మట్టిబెడ్డలు కోసి గోడలు పేర్చారు. పొయ్యిలోకి కట్టెలు లేక పేడ, గడ్డి కలిపి తొక్కి, ముక్కలుగా కోసి ఎండబెట్టి కాల్చారు. అచ్చం మన పిడకలే. మా అమ్మకి ఫోనులో చెప్తే అక్కడ కూడానా అని చాలాసేపు ఆశ్చర్యపోయింది.

జనవరి

ఈ నెలంతా గుడి గోడలే. ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, కాబట్టి ఎక్కువ రాస్తాను.

కొలతలు: పునీత ఫిదెలిస్ దేవాలయం పొడవు 220 అడుగులు, అడ్డంగా శిలువ చేతుల దగ్గర 110 అడుగులు, జంట గోపురాలు 141 అడుగుల ఎత్తు. నూరో వంతులో అది 67 సెంటీమీటర్ల పొడవు, 33.5 సెంటీమీటర్ల వెడల్పు, 43 సెంటీమీటర్ల ఎత్తు అవుతుంది. 1,100 మంది కూర్చోగల గుడి. పైనుంచి చూస్తే శిలువ ఆకారం. కిటికీలు, తలుపులు అన్నిటికీ గుండ్రటి తోరణాలు, రోమనెస్క్ పద్ధతి. మొదటి ప్లాను గీసింది పిట్స్‌బర్గ్ వాస్తుశిల్పి జాన్ కోమ్స్, దాన్ని మార్చి కట్టుబడికి తెచ్చింది టొపీకాకి చెందిన జాన్ మార్షల్.

గోడలకి సెంటీమీటరు మందం ఉన్న గట్టి ఫోమ్ షీటు వాడాను. మామూలు థర్మాకోల్ పనికిరాదు, పూసలు పూసలుగా రాలుతుంది. షీటు మీద రాతి వరసలు మూడు మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున మొద్దు పెన్సిలుతో నొక్కి గీశాను, తర్వాత నిలువు గీతలు వరస తప్పించి. అల్యూమినియం రేకుని నలిపి ఉండచేసి దాంతో మెల్లగా అద్దితే రాతి గరుకు వచ్చేస్తుంది. స్ప్రే రంగులు ఫోమ్‌ని కరిగిస్తాయి కాబట్టి నీళ్లలో కలిపే రంగులే వాడాలి. ముందు లేత మీగడ రంగు, ఆరాక పలచని గోధుమ రంగు నీళ్లు, చివర్లో పొడి బ్రష్‌తో తెలుపు. తోరణాలకి ఒక సన్నని రాగి గొట్టం అంచు అరగదీసి, దాంతో సగం గుండ్రాలు కోశాను.

ఆ రాయి గురించి. ఇక్కడి నేల కింద పలచటి పొరలుగా సున్నపురాయి ఉంది. చెట్లు లేని చోట కంచె గుంజలకి కూడా అదే రాయి వాడారు. ఇప్పటికీ ఈ దారుల్లో మైళ్లకొద్దీ రాతి గుంజలకి ముళ్లతీగ కట్టి ఉంటుంది. లా క్రాస్ ఊళ్లో దీనికి ఒక మ్యూజియమే ఉంది, పనిముట్లు అక్కడ చూశాను. పైమట్టి తీసి, రాతి మీద ఒకే వరసలో చేత్తో రంధ్రాలు తొలిచి, ప్రతి రంధ్రంలో రెండు ఇనుప పలకలు, వాటి మధ్య ఒక మేకు పెడతారు. ఒక్కో మేకుని ఒక్కో దెబ్బ, మళ్లీ మొదటి నుంచి ఒక్కో దెబ్బ. వరసంతా సమంగా ఒత్తిడి పడ్డాక రాయి గీత గీసినట్టు చీలుతుంది. మన ఒడ్డెర పనివాళ్లు గ్రానైట్ చీల్చే పద్ధతీ ఇదే. ఈ సున్నపురాయికి ఇంకో గుణం ఉంది. నేలలోంచి తీసినప్పుడు మెత్తగా చెక్కుడుకి లొంగుతుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ గుడి 1908 నుంచి 1911 వరకు కట్టారు. ఊళ్లో డబ్బున్న దాత ఎవరూ లేరు. విచారణలో దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే ప్రతి మనిషికీ, పన్నెండేళ్లు నిండినవాళ్లందరికీ, ఒక వాటా నిర్ణయించారు: 45 డాలర్లు, ఆరు బళ్ల రాయి. ఆడా మగా తేడా లేదు. ఇంట్లో అలాంటివాళ్లు పన్నెండుమంది ఉంటే ఆ ఇంటి వాటా 72 బళ్లు. రాయి ఒక్కోటి 50 నుంచి 100 పౌన్ల బరువు, అంటే సుమారు 23 నుంచి 45 కిలోలు. తీసింది వాళ్లే, బండికెత్తింది వాళ్లే, గుర్రాలతో తోలుకొచ్చి గుడి దగ్గర దించింది వాళ్లే. ఇదంతా గోధుమ పంట పనుల మధ్య.

ఈ లెక్క మా ఇంట్లో చదువుతుంటే, ఈ మధ్యే పన్నెండు నిండిన మా అమ్మాయి తల పైకెత్తి "అయితే నాక్కూడా ఆరు బళ్లా నాన్నా?" అంది. అవును తల్లీ, నీకూ ఆరే. "మరి తమ్ముడికి?" వాడికి ఎనిమిదే, వాడు తప్పించుకున్నాడు. అది విని వాడు ఏడుపు మొహం పెట్టాడు, తనకీ కావాలని.

దాంతో నమూనా ప్లాను మారింది. గుడి ఒక్కటి పెడితే చూసేవాళ్లు "ఎంత బాగుందో" అని దాటిపోతారు. గుడి ముందు ఒక పొడవాటి ట్రే పెడుతున్నాను. అందులో ఒక కుటుంబం వాటా: నిజమైన సున్నపురాతి చిప్పలతో 72 చిన్న కుప్పలు, ఆరేసి చొప్పున పన్నెండు వరసలు. ప్రతి వరస చివర ఒక చెక్క బొమ్మ: నాన్న, అమ్మ, నాయనమ్మ, పెద్దకొడుకు, అలా చివరి వరసలో పన్నెండేళ్ల పిల్ల. రాతి చిప్పలు కడిగి, ఆరబెట్టి, జిగురుతో కుప్పలు పెట్టే పని మొత్తం పిల్లలిద్దరూ తీసుకున్నారు. పిల్లలు చేత్తో తాకి లెక్కపెట్టుకునేలా ట్రేకి అద్దం పెట్టకూడదని నిర్ణయం.

ఫిబ్రవరి

గోపురాలు నిలబడ్డాయి. లోపల గట్టి అట్టతో చదరపు గొట్టాలు చేసి, వాటికి నాలుగు వైపులా ఫోమ్ అంటించాను. 43 సెంటీమీటర్ల ఎత్తుకి ఫోమ్ ఒక్కటే అయితే వంగిపోతుంది.

ఈ గుడి ఆ విచారణకి నాలుగోది. డ్రైలింగ్ ఇంటి పంచ దగ్గర మొదలై, జనం పెరిగినప్పుడల్లా పెద్దది కట్టుకుంటూ వచ్చారు. ముప్పై అయిదేళ్లల్లో నాలుగు. పలక మీద గుడి పక్కన మిగతా మూడింటి కొలతలూ పెట్టాలనుకున్నాను గానీ చోటు చాలదు. నాలుగు చదరాలు ఒకదానికన్నా ఒకటి పెద్దగా, కార్డు మీదే గీస్తాను, కొలత ప్రకారం కాకుండా వరస తెలిసేలా.

కిటికీల దగ్గర ఆగి ఆలోచించాను. 1911 ఆగస్టులో కంకార్డియా మేత్రాణులు జాన్ కన్నింగ్‌హామ్ గుడిని ప్రతిష్ఠించారు. ఇప్పుడు చూసేవాళ్లని కట్టిపడేసే రంగు అద్దాలు మాత్రం షికాగోలోని మ్యూనిక్ స్టూడియో నుంచి 1916లో వచ్చాయి. అంటే ప్రతిష్ఠ అయ్యాక కూడా కొన్నేళ్లు కొసరు పనులు నడుస్తూనే ఉన్నాయి. రైతు విచారణలో పని అలాగే సాగుతుంది, పంట చేతికొచ్చినప్పుడు ఒక్కో ముక్కా. అందుకని నమూనాలో కిటికీలు తీసిపెట్టేలా చేశాను. ఒక సెట్టు పాలరంగు ప్లాస్టిక్, ఇంకో సెట్టు పారదర్శక షీటు మీద ప్రింటు తీసిన రంగు అద్దాలు. లోపల చిన్న ఎల్ఈడీ పట్టీ. పిల్లలు మొదటి సెట్టు తీసి రెండోది దూర్చి దీపం వెయ్యొచ్చు. లోపలి స్తంభాలు వెర్మాంట్ నుంచి తెప్పించిన గ్రానైట్‌వి. వాటికి గుండ్రటి చెక్క పుల్లలు, పైన నున్నటి ఎరుపు రంగు, రెండు పూతల వార్నిష్.

పేరు గురించి ఒక కార్డు తప్పదు. 1912లో ఇక్కడికొచ్చిన రాజకీయ నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయన్ దీన్ని చూసి "మైదానాల కేథడ్రల్" అన్నాడు. బయటివాళ్లందరికీ ఆ పేరే తెలుసు. కేథడ్రల్ అంటే మేత్రాణుల పీఠం ఉండే గుడి. నిజానికి ఇక్కడ ఆ పీఠం ఎప్పుడూ లేదు. ఇది ఒక పల్లె విచారణ గుడి. 2014లో పోప్ ఫ్రాన్సిస్ దీనికి మైనర్ బసిలికా (పోప్ కొన్ని ముఖ్యమైన గుళ్లకి ఇచ్చే బిరుదు) గౌరవం ఇచ్చారు, అది కూడా విచారణ గుడిగా ఉంటూనే. నా కార్డులో పెద్ద అక్షరాలతో "విచారణ గుడి" అనే ఉంటుంది, మిగతా రెండు బిరుదులూ కింద చిన్న అక్షరాల్లో. పిల్లలు ఇది ఎవరో పెద్దవాళ్లు కట్టించి ఇచ్చినదని అనుకోకూడదు.

గుడి ముందు 1976లో, వందేళ్ల పండుగకి, హేస్ ఊరి శిల్పి పీట్ ఫెల్టెన్ చెక్కిన వలస కుటుంబం విగ్రహం ఉంది. దాన్ని నమూనాలో పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. నా నమూనా 1916 నాటిది. పెట్టడం లేదు. ఫోటో మాత్రం కార్డు మీద ఉంటుంది.

మార్చి

విక్టోరియా గుడి ఒక్కటే చూసి తిరిగెళ్లిపోతే మిగతా అయిదు ఊళ్లకి అన్యాయం. మ్యాపు మీద అయిదు చిన్న గుళ్లు చేశాను, ఒక్కోటి బొటనవేలంత. క్యాథరిన్‌లో పునీత కాతరీనమ్మ గుడి, మంజర్‌లో అస్సీసీ ఫ్రాన్సిసు, షెన్‌చెన్‌లో పునీత అంతోని, లీబెన్‌తాల్‌లో పునీత జోజప్ప, ఫైఫర్‌లో పవిత్ర శిలువ దేవాలయం. వాకర్, ఆంటోనినో, విన్సెంట్ లాంటి ఊళ్లల్లో తర్వాత పుట్టిన పిల్ల విచారణలకి తెల్ల గుండుసూదులు గుచ్చాను.

షెన్‌చెన్ కథ నాకు చాలా నచ్చింది. అక్కడ చేరినవాళ్లు రెండు వోల్గా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. కొత్త ఊరికి ఎవరి ఊరి పేరు పెట్టాలో తేలలేదు. చివరికి ఒకరి ఊరి పేరు ఊరికి, రెండోవాళ్ల ఊరి గుడి పునీతుడి పేరు గుడికి పెట్టుకుని రాజీపడ్డారు. వాళ్లకి గుడి పేరు ఊరి పేరుకి సమానమైన బరువుతో తూగింది.

ఫైఫర్ గుడిని 'రెండు సెంట్ల గుడి' అంటారు. అమ్మిన ప్రతి బుషెల్ (అక్కడి ధాన్యపు కొలత) గోధుమలకీ రెండు సెంట్లు గుడి నిధికి పక్కన పెట్టి కట్టుకున్నారు. 1915లో మొదలై 1918లో అయింది. దాని గోపురం 165 అడుగులు, విక్టోరియా గోపురాలకన్నా పొడవు. ఆరు బళ్ల రాయి మనిషి మీద వేసిన వాటా, రెండు సెంట్లు పంట మీద వేసిన వాటా. రెండో పద్ధతిలో పంట పోయిన ఏడాది ఇంటిమీద భారం పడదు. ఈ పక్క ఊళ్లు ఒకే పనికి రెండు వేర్వేరు లెక్కలు ఎంచుకోవడం చూస్తే, గుడి కట్టడానికి ముందు అక్కడ ఎంత చర్చ జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫైఫర్ ముందు పెట్టడానికి ఒక చిన్న గాజు సీసాలో గోధుమలు పోసి, దానికి ఒక్క సెంటు నాణేలు రెండు దారంతో కట్టాను.

ఆ ఫైఫర్ విచారణ 1993లో మూతపడింది. దానికి ఒక్క మనిషిని తప్పుపట్టలేం. ట్రాక్టర్లు, కంబైన్లు వచ్చాక పదిమంది చేసే పని ఒకరు చేస్తున్నారు. పొలాలు పెద్దవయ్యాయి, కుటుంబాలు తగ్గాయి. పిల్లలు చదువుకుని హేస్‌కి, విచిటాకి, ఇంకా దూరం వెళ్లారు. గురువులూ తగ్గారు, ఒకరే రెండు మూడు గుళ్లు చూసుకోవాలి. అయినా ఫైఫర్ గుడిని కూల్చనివ్వలేదు. ఊరివాళ్లు, ఊరొదిలి వెళ్లినవాళ్లు కలిసి దాన్ని కాపాడుకుంటున్నారు.

మన తెలుగు గురువులు కాన్సస్‌కి వచ్చిన కారణం కూడా ఇక్కడే ఉంది. 1878లో జర్మనీ నుంచి కపూచిన్లు వచ్చారు. ఇప్పుడు గుంటూరు, ఏలూరు వైపు నుంచి వస్తున్నారు. మొదట్లోనూ ఇప్పుడూ ఈ మైదానపు విచారణలు జనాన్ని తాము సమకూర్చుకున్నాయి, గురువుని మాత్రం దూరదేశం నుంచి అందుకున్నాయి. ఫాదర్ గారికి ఇది చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే మేం కొత్తవాళ్లం కాదన్నమాట" అన్నారు. ఆయన ఆదివారం రెండు గుళ్లల్లో పూజ చేస్తారు, మంచు పడినా సరే కారు తీయాల్సిందే. ఆయనకి ఆ పల్లె పెద్దావిడలు క్రిస్మస్‌కి ఊలు టోపీ అల్లి ఇచ్చారట. ఆ టోపీ పెట్టుకునే మా ఇంటికి వచ్చారు.

మ్యాపులో ఇంకో గీత చేర్చాను, ఎర్ర దారంతో. ఎల్లిస్ కౌంటీ ఊళ్లు ఇప్పుడు సలీనా మేత్రాసనంలో ఉన్నాయి. అన్నిటికన్నా ముందు పుట్టిన లీబెన్‌తాల్ మాత్రం రష్ కౌంటీలో ఉండడం వల్ల డాడ్జ్ సిటీ మేత్రాసనంలోకి వెళ్లింది. ఒకే ఓడల్లో వచ్చిన బంధువులు కౌంటీ గీతకి అటూ ఇటూ వేర్వేరు మేత్రాణుల కింద ఉన్నారు.

ఏప్రిల్

లేబుల్ కార్డులు తెలుగులో రాస్తున్నాను. ఒక్కో కార్డూ పదేళ్ల పిల్ల చదివి అర్థం చేసుకునేంత సులువుగా ఉండాలి. తెలుగు చదవడం రాని పిల్లల కోసం నానమ్మలు, అమ్మమ్మలు గట్టిగా చదివి వినిపించేలా అక్షరాలు పెద్దవి పెట్టాను. అది నాకు చాలా ముఖ్యం. వేసవిలో మనవళ్లని చూడ్డానికి వచ్చే మన పెద్దవాళ్లకి ఆ సమావేశాల్లో చెయ్యడానికి పనేమీ ఉండదు, ఒక మూల కూర్చుంటారు. ఈసారి నమూనా దగ్గర కథ చెప్పేది వాళ్లే. పిడకల సంగతి, ఉపదేశి సంగతి, రాయి చీల్చే సంగతి నాకన్నా వాళ్లే బాగా చెప్తారు. మా అమ్మకి జూన్ టికెట్ బుక్ అయింది, ట్రే దగ్గర ఆవిడ డ్యూటీ ఖాయం.

ఇంకా మిగిలిన పనులు: విక్టోరియా గుడి పైకప్పుకి రెండో పూత రంగు. గంటగోపురంలో చిన్న ఇత్తడి గంట, అది మోగాలి. లీబెన్‌తాల్ కార్డు. 1874, 1876, 1878, 1911, 1916, 1993 సంవత్సరాలతో ఒక పొడవాటి పట్టీ, పలక ముందు అంచుకి. ఇంటి నుంచి హాలుకి తీసుకెళ్లడానికి గోపురాలు విడిగా ఊడొచ్చేలా అయస్కాంతాలు బిగించాలి. మా మినీవ్యాన్ వెనక తలుపు ఎత్తు కొలిచాను, గోపురాలు తీస్తే పెట్టె పడుతుంది. ట్రేలో 72 కుప్పల్లో ఇంకా రెండు వరసలు మిగిలాయి, వాటిని ఈ శనివారం పిల్లలు పూర్తి చేస్తారు.